భుజానికి కట్టిన కాయిల్

1984 మార్చి 31 నాటి 'లాన్సెట్' వైద్య పత్రిక సంచికలో కేంబ్రిడ్జ్ నుంచి నలుగురు కలిసి రాసిన వ్యాసం ఒకటి ఉంది. బైండర్, పార్, హేజిల్‌మన్, ఫిటన్ జాక్సన్ అని వాళ్ల పేర్లు. భుజం టెండన్ (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి పీచు) నొప్పితో బాధపడుతూ, స్టెరాయిడ్ ఇంజక్షన్లకూ ఇతర చికిత్సలకూ లొంగని 29 మందిని వాళ్లు ఎంచుకున్నారు. భుజం మీద తీగచుట్ట (కాయిల్) ఒకటి అమర్చి, అందులోంచి ఆగి ఆగి కరెంటు పంపారు. ఆ తీగ ఒంటికి తగలదు, షాక్ కొట్టదు, వేడీ తెలియదు. దాని చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం మాత్రం బట్టనూ చర్మాన్నీ కండనూ దాటుకుని లోపలి టెండన్ దాకా వెళ్తుంది. మొదటి నాలుగు వారాలు ఒక జట్టుకు పనిచేసే కాయిల్ ఇచ్చారు. రెండో జట్టుకు ఇచ్చింది చూడటానికి అచ్చం అలాంటిదే, కానీ పనిచెయ్యదు. ఎవరి భుజం మీద ఏది ఉందో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు.

నేను గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. నా గదిలో షార్ట్‌వేవ్ డయాథర్మీ, అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టీ మెషీన్లు ఉండేవి. చివరి రోజుల్లో ఒక మాగ్నెటిక్ కాయిల్ మెషీను కూడా వచ్చి చేరింది. వచ్చేవాళ్లకు మాత్రం అన్నీ కరెంటే. "జబ్బ పట్టేసింది డాక్టరమ్మా, కాస్త కరెంటు పెట్టండి" అనేవాళ్లు. మిర్చి యార్డులో 40 కిలోలు దాటిన టిక్కీలు భుజాన మోసే హమాలీలు, గోడలకు రంగులు వేసేవాళ్లు, రోజంతా బోర్డు మీద రాసే టీచర్లు, జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోని నడివయసు ఆడవాళ్లు వచ్చేవారు. కూలి మానుకుని, ఆటోకి డబ్బులు పెట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్ల భుజం మీద మనం పెడుతున్నది ఎక్కడ పుట్టింది, ఎవరు పరీక్షించారు, పరీక్షలో ఏం తేలింది అన్నది వాళ్లకు తెలియాలని నా పట్టుదల. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

ముందుగా ఆ పనిచెయ్యని కాయిల్ గురించి చెప్తాను. ఈ వైద్యం చరిత్ర మొత్తంలో రోగులకు ఎక్కువ మేలు చేసింది అదేనని నా అభిప్రాయం. దాని మూలాలు 200 ఏళ్ల వెనక, పారిస్‌లో ఉన్నాయి.

వియన్నా నుంచి 1778లో పారిస్ చేరిన ఫ్రాంజ్ మెస్మర్, మనుషుల్లో ఒక రకం అయస్కాంత శక్తి ప్రవహిస్తుందనీ, దాన్ని సరిచేస్తే రోగాలు పోతాయనీ ప్రచారం చేశాడు. జనం విరగబడి వెళ్లారు. 1784లో పదహారో లూయీ రాజు ఒక విచారణ సంఘం వేశాడు. అందులో రసాయన శాస్త్రజ్ఞుడు లావోయిజే ఉన్నాడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు బాయీ ఉన్నాడు, అప్పుడు అమెరికా రాయబారిగా పాసీలో ఉంటున్న వృద్ధుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడు. మెస్మర్ శిష్యుడు డెస్లాన్ ఫ్రాంక్లిన్ తోటలో ఒక ఆప్రికాట్ చెట్టుకు 'శక్తి' ఎక్కించాడు. 12 ఏళ్ల కుర్రవాడికి కళ్లకు గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. నాలుగో చెట్టు దగ్గర వాడు స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అక్కడికి 24 అడుగుల దూరంలో ఉంది. కుర్రవాడు నటించాడని సంఘం అనలేదు. వాడికి నిజంగానే ఏదో జరిగింది, అయితే అది చెట్టు వల్ల జరిగింది కాదు, వాడి ఊహ వల్ల జరిగింది అని రాసింది. ఆ తేడా గమనించినందుకు ఆ పెద్దలకు నేను నమస్కరిస్తాను. నొప్పి తగ్గిందన్న రోగిని అబద్ధాలకోరు అనకుండానే, తగ్గించింది మన యంత్రమేనా అని అడగవచ్చునని నేర్పింది వాళ్లే.

అమెరికాలో ఎలైషా పెర్కిన్స్ అనే డాక్టరు 1796లో రెండు లోహపు కడ్డీలకు పేటెంటు తీసుకున్నాడు. పొడవు మూడంగుళాలు. నొప్పి ఉన్నచోట చర్మం మీద వాటితో దువ్వితే లోపలి విద్యుత్తు బయటికి పోయి కీళ్లనొప్పి తగ్గుతుందన్నాడు. అవి లండన్‌లో ఐదు గినీలకు అమ్ముడుపోయాయి. బాత్ పట్టణంలో జాన్ హేగార్త్ అనే వైద్యుడు 1799 జనవరిలో కర్రతో అలాంటివే చేయించి, లోహంలా కనబడేలా రంగు వేయించాడు. దీర్ఘకాలంగా కీళ్లనొప్పులున్న ఐదుగురికి మొదట ఆ కర్రలతో దువ్వారు. నలుగురు తగ్గిందన్నారు. మర్నాడు అసలు కడ్డీలతో దువ్వితే ఫలితం దాదాపు అంతే. హేగార్త్ మరుసటి ఏడు దీన్ని పుస్తకంగా వేశాడు. ఉత్తుత్తి పరికరం పెట్టి అసలు పరికరాన్ని తూచడం అప్పటినుంచి వైద్యులకు తెలిసిన పద్ధతే. తెలిసినా వాడినవాళ్లు చాలాకాలం తక్కువే.

మెస్మర్ చెట్టుకూ పెర్కిన్స్ కడ్డీలకూ వెనక భౌతికశాస్త్రం ఏమీ లేదు. కాయిల్‌కు ఉంది. 1820లో ఓర్‌స్టెడ్ కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. 1831లో ఫారడే దానికి తలకిందుల సంగతి కనిపెట్టాడు: అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే పక్కనున్న వాహకంలో కరెంటు పుడుతుంది. మారుతూ ఉండాలి, అదే కీలకం. కదలని అయస్కాంతం కదలని ఒంట్లో ఏ కరెంటూ పుట్టించదు. అయస్కాంత కంకణాలు, అయస్కాంత పరుపులు మన ఊళ్లలో చుట్టాల ద్వారా, స్నేహితుల ద్వారా వేల రూపాయలకు అంటగట్టిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వాటికీ కాయిల్ మెషీనుకూ 'అయస్కాంతం' అన్న మాట తప్ప పోలిక లేదు. 1896లో పారిస్‌లోనే ద'ఆర్సాన్వాల్ అనే శాస్త్రజ్ఞుడు మారుతున్న కరెంటు పారే పెద్ద తీగచుట్టలో తల పెడితే కళ్ల ముందు మెరుపులు మినుకుమంటాయని రాశాడు. బయటి కాయిల్ తీగ తగలకుండానే ఒంటి లోపల పని చేయించగలదనడానికి అది సూటి సాక్ష్యం.

ఇరవయ్యో శతాబ్దంలో భుజానికి మొదట అందింది వేడి. 1920ల చివర జర్మనీలో మొదలైన షార్ట్‌వేవ్ డయాథర్మీ లోపలి కండను వెచ్చబరుస్తుంది. ఇవాళ్టికీ ఆ మెషీన్లు 27.12 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. వేడి పుట్టకుండా అదే తరంగాన్ని విడతలు విడతలుగా పంపే పద్ధతిని న్యూయార్క్‌లో గిన్స్‌బర్గ్ పైకి తెచ్చాడు. భుజంలో సున్నం పేరుకున్న నొప్పికి దాన్ని వాడినట్టు వ్యాసం రాశాడు. ఆ దారి గురించి ఇంతకన్నా చెప్పను. కేంబ్రిడ్జ్ కాయిల్ వచ్చింది ఆ దారిన కాదు, ఎముకల దారిన.

క్యోటోలో ఇవావో యసుదా అనే ఎముకల సర్జన్ ఉండేవాడు. బరువు పడినచోట ఎముక ఎందుకు గట్టిపడుతుందన్నది ఆయన ప్రశ్న. భౌతిక శాస్త్రజ్ఞుడు ఎయిచి ఫుకాదాతో కలిసి 1957లో జవాబు ప్రకటించాడు: ఎండిన ఎముకను నొక్కితే దాని మీద స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. దాన్ని పుట్టిస్తున్నది ఎముకలోని కొలాజెన్ పోగులు. ఒత్తిడి కరెంటవుతుంటే, కరెంటు పంపి ఎముకను పెంచవచ్చు కదా అన్న ఆశ అక్కడ చిగురించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ బాసెట్ దాన్ని పట్టుకున్నాడు. సూదులు గుచ్చకుండా, కోత పెట్టకుండా, బయటి కాయిల్‌తో ఫారడే సూత్రం మీద ఎముకలో కరెంటు పుట్టించాడు. కుక్కల కాలి ఎముకల మీద చేసిన ఆ పని 1974లో 'సైన్స్' పత్రికలో వచ్చింది, పావ్‌లుక్, పిల్లా ఆయన సహరచయితలు. 1979లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అతుక్కోని ఎముకలకు ఆ కాయిల్‌ను అనుమతించింది.

టెండన్ కూడా కొలాజెన్‌తో చేసిందే. కేంబ్రిడ్జ్ నలుగురిలో హేజిల్‌మన్ కీళ్లవైద్యుడు, సిల్వియా ఫిటన్ జాక్సన్ జీవితమంతా కొలాజెన్‌నూ కణజాలాన్నీ పరిశీలించిన శాస్త్రవేత్త. ఎముకకు పనికొచ్చింది టెండన్‌కు ఎందుకు రాకూడదని వాళ్లు అడగడం సహజం.

ఆ టెండన్ సంగతి అంతకుముందే పూర్తిగా పట్టించుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. నా వృత్తిలో నేను గురువుగా భావించేది ఆయన్నే. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్. భుజం గుండును చుట్టి పట్టుకునే నాలుగు కండరాల టెండన్లలో పైన ఉండే సుప్రాస్పైనేటస్, ఎముక కప్పు కింద ఇరుకు దారిలో సాగుతుంది. చెయ్యి పైకెత్తిన ప్రతిసారీ దాని మీదే భారం. అది అరగడం, చిరగడం గురించి ఆయన 1934లో 'ది షోల్డర్' అనే పెద్ద గ్రంథం తెచ్చాడు. నడుము వంచి, చెయ్యి కిందికి వేలాడదీసి మెల్లగా ఊపే వ్యాయామానికి ఇప్పటికీ ఆయన పేరే. గుంటూరులో నా దగ్గరికి వచ్చిన హమాలీలంతా, ఆయన పేరు తెలియకుండానే, బల్ల అంచు పట్టుకుని ఆ వ్యాయామం చేసినవాళ్లే.

అంతకన్నా పెద్ద పని ఆయన ఇంకొకటి చేశాడు. ఆపరేషన్ చేసిన ప్రతి రోగిని ఏడాది తర్వాత మళ్లీ పిలిచి, నయమైందా లేదా, కాకపోతే ఎందుకు కాలేదు అని కార్డు మీద రాసిపెట్టాలనీ, ఆ ఫలితాలను ఆసుపత్రులు బహిరంగంగా చెప్పాలనీ వాదించాడు. ఎవరూ ఒప్పుకోలేదు. 1914లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఉద్యోగం వదిలేశాడు. 1940లో చనిపోతే సమాధి మీద రాయి కూడా లేదు. 2014లో సర్జన్లు పూనుకుని పెట్టించారు. ఫలితం లెక్క రాయమన్నందుకు ఒక మనిషి అంత నష్టపోయాడని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు కేంబ్రిడ్జ్ ఫలితం. మొదటి నాలుగు వారాల్లో అసలు కాయిల్ జట్టుకు స్పష్టంగా ఎక్కువ మేలు కనబడింది. తర్వాతి నాలుగు వారాలు అందరికీ అసలు కాయిలే ఇచ్చారు. రెండు జట్ల మధ్య తేడా పోయింది. ఆ తర్వాత ఎనిమిది వారాలు ఎవరికీ ఏ చికిత్సా ఇవ్వలేదు. అప్పుడూ తేడా లేదు. చివరికి 29 మందిలో 19 మందికి నొప్పి పూర్తిగా పోయింది, మరో ఐదుగురికి బాగా తగ్గింది.

దీన్ని రెండు విధాలుగా చదవొచ్చు. వెనకబడిన జట్టు కాయిల్ అందగానే అందుకుందని ఒక చదువు. కాయిల్ మేలు కొన్ని వారాలు ముందు రప్పించడమే కావచ్చు, కాలం గడిచేకొద్దీ చాలా భుజాలు ఎలాగూ కుదుటపడతాయని ఇంకో చదువు. 16 వారాలూ ఏమీ పెట్టకుండా ఉంచిన మూడో జట్టు లేదు కాబట్టి ఆ వ్యాసం ఒక్కదానితో ఇది తేలదు. మెషీన్ల కరపత్రాల్లో మాత్రం మొదటి చదువు ఒక్కటే కనిపిస్తుంది. 65 శాతం అన్న అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆ 65 శాతంలో మొదట ఉత్తుత్తి కాయిల్ కట్టుకున్నవాళ్లూ ఉన్నారన్న మాట ఉండదు.

అదే ఏడు, అదే 'లాన్సెట్'లో, సరిగ్గా ఐదు వారాలకు, మే 5న షెఫీల్డ్ నుంచి ఇంకో వ్యాసం వచ్చింది. ఆంటొనీ బార్కర్, ఆయన సహచరులు అతుక్కోని కాలి ఎముకల మీద కాయిల్‌ను అదే పద్ధతిలో పరీక్షించారు. 16 మంది రోగులు. అసలు కాయిల్ పెట్టిన తొమ్మిది మందిలో ఐదుగురికి ఎముక అతుక్కుంది. ఉత్తుత్తి కాయిల్ పెట్టిన ఏడుగురిలోనూ ఐదుగురికి అతుక్కుంది. అప్పటికి కాయిల్‌కు అనుమతి వచ్చి ఐదేళ్లు. రెండు జట్లవాళ్లూ కాలికి కట్టు వేసుకుని, ఎముకను కదలనివ్వకుండా క్రమశిక్షణతో ఉన్నారు. నయం చేసింది ఆ క్రమశిక్షణేనా అన్న ప్రశ్న లేచింది. ఆ వ్యాసం రాసినవాళ్లలో ఒకరైన షెరార్డ్ 1990లో 45 మంది మీద ఇంకో పరీక్ష చేసి, ఆలస్యంగా అతుక్కునే ఎముకలకు కాయిల్ ఉపయోగం ఉందని చూపించాడు. కాబట్టి ఎముక విషయంలో తలుపు మూసుకోలేదు. ఇక్కడొక విశేషం చెప్పాలి. ఆ బార్కరే 1985లో తల మీద పెట్టిన కాయిల్‌తో మెదడును ప్రేరేపించి చేతివేళ్లు కదిలేలా చేశాడు. ఇవాళ మానసిక కుంగుబాటుకు పెద్ద ఆసుపత్రుల్లో ఇస్తున్న మాగ్నెటిక్ చికిత్స దాని సంతానమే. కాయిల్ ఎక్కడ పనిచెయ్యలేదో నిజాయితీగా రాసినవాడే, ఎక్కడ పనిచేస్తుందో కూడా కనిపెట్టాడు.

భుజం విషయంలో తర్వాతి పరీక్షలు కేంబ్రిడ్జ్ ఆశను నిలబెట్టలేదు. 1991లో మాంట్రియల్‌లో లెక్లేర్, బూర్గ్వాన్ 47 మందికి వేడికాపడం, వ్యాయామం ఇచ్చి, కొందరికి అదనంగా కాయిల్ పెట్టారు. నొప్పిలో గానీ కదలికలో గానీ అదనపు లాభం తేలలేదు. 2007లో తుర్కియే నుంచి అక్తాష్ బృందం 46 మందిని తీసుకుని, సగం మందికి అసలు కాయిల్, సగం మందికి ఉత్తుత్తిది, రోజుకు 25 నిమిషాల చొప్పున మూడు వారాలు పెట్టింది. రెండు జట్లకూ కాడ్‌మన్ వ్యాయామం, ఐసు కాపడం తప్పనిసరి చేసింది. రెండు జట్లూ బాగుపడ్డాయి, ఒకదానికొకటి తీసిపోకుండా. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు కలిగింది నిరాశ కాదు. బల్ల అంచు పట్టుకుని చెయ్యి ఊపిన మనుషులే గుర్తొచ్చారు.

హేగార్త్ కర్రముక్క చివరికి ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా వెళ్లింది. భుజంలో ఎముక కప్పు కిందిభాగం గీకి, టెండన్‌కు దారి వెడల్పు చేసే ఆపరేషన్ దశాబ్దాలుగా లక్షలమందికి చేశారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఆధ్వర్యంలో బ్రిటన్‌లోని 32 ఆసుపత్రుల్లో 313 మంది మీద పరీక్ష జరిగింది. కొందరికి నిజంగా గీకారు, కొందరికి గొట్టం పెట్టి లోపల చూసి ఊరుకున్నారు, కొందరికి ఏమీ చెయ్యలేదు. 2018లో ఫలితం వచ్చింది. గీకినవాళ్లకూ చూసి ఊరుకున్నవాళ్లకూ తేడా లేదు. ఏమీ చెయ్యనివాళ్లకన్నా ఆ ఇద్దరికీ కాస్త మెరుగు, అది కూడా చెప్పుకోదగ్గంత కాదు. సర్జన్లు తమ కత్తినే ఇలా తూచుకోగలిగితే, మేము మా మెషీన్లను తూచుకోవడానికి ఎందుకు వెనకాడాలి?

నా గదిలోకి కాయిల్ మెషీను వచ్చినప్పుడు దాన్ని తెచ్చిన కంపెనీ మనిషి పది సిటింగులు, పదిహేను సిటింగులు అని ప్యాకేజీ లెక్కలు చెప్పాడు గానీ, వ్యాయామం మాట ఒక్కసారీ ఎత్తలేదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. మెషీను కింద పడుకున్న ఆ 25 నిమిషాలూ రోగికి హాయిగా ఉంటుంది, నిజమే. ఎవరో తన నొప్పిని పట్టించుకుంటున్నారన్న ధైర్యమూ చిన్నదేం కాదు. చెడు చేసే మెషీను అని కూడా నేను అనను. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకూ గర్భిణులకూ పెట్టకూడదన్న జాగ్రత్త పాటిస్తే హాని అరుదు. కానీ ఆ 25 నిమిషాలు వ్యాయామం సమయాన్ని మింగితే, ఆ ప్యాకేజీ డబ్బు హమాలీ పదిరోజుల కూలిని మింగితే, అది హానే.

అరిగిన టెండన్‌కు కావలసింది కొలిచి వేసిన భారం. మొదట చెయ్యి ఊపడం, తర్వాత గోడ మీద వేళ్లతో పాకించడం, తర్వాత రబ్బరు పట్టీ లాగడం, ఆ పైన అరకిలో, కిలో ఎత్తడం. కండ గుంజినకొద్దీ టెండన్‌లో కొత్త కొలాజెన్ పేరుతుంది. ఇది వారాల్లో కాదు, నెలల్లో జరిగే పని. మూడు నెలలు పట్టువదలకుండా చేసి తిరిగి టిక్కీ ఎత్తుకున్న మనుషులను నేను చూశాను. కాయిల్ పెట్టించుకుని చెయ్యి కదపకుండా కూర్చుని, భుజం బిగుసుకుపోయి తిరిగొచ్చినవాళ్లనూ చూశాను.

భుజం నొప్పితో మీరు ఫిజియోథెరపీకి వెళ్తే, కరెంటు పెట్టించుకోండి, వద్దనను. కానీ మెషీను ఆన్ చేసేలోపు అడగండి: "ఇంట్లో నేను చెయ్యాల్సిన వ్యాయామం ఏది, ఎన్నిసార్లు, ఎన్ని వారాలు?" చేసి చూపించమనండి, మీ చేత చేయించమనండి, కాగితం మీద రాసిమ్మనండి. మూడు నెలల తర్వాత ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లి, తగ్గిందో లేదో రాసుకోమనండి. ప్యాకేజీకి డబ్బు కట్టేది ఆ కాగితం చేతికి వచ్చాకే.